న్యూఢిల్లీ లోక్‌సభ నియోజకవర్గము: దాని ఎల్లలు, దాని ప్రతినిధులు

(సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తెలుగు పల్లెలో పుట్టి పెరిగినవారికి పొలిమేర యనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఊరి చివర ఒక చింతచెట్టో, వాగో, హద్దురాయో కనబడును. దాని కివతల సొంత ఊరు, అవతల పొరుగూరు. గెట్టు తగవు వచ్చినచో కరణము గొలుసు వేసి కొలిచెడివాడు; పెద్దమనుష్యులు నిలువబడి రాయి పాతించెడివారు. లోక్‌సభ నియోజకవర్గపు పొలిమేరకు రాయి లేదు, చెట్టు లేదు. అది కాగితముమీది గీత. ఒక రోడ్డునకు ఇటువైపు ఇండ్లు ఒక నియోజకవర్గములోను, అటువైపు ఇండ్లు మరియొక నియోజకవర్గములోను పడవచ్చును. ఆ రెండు వైపులవారును ఒక్క అంగడిలోనే కూరలు కొందురు, ఒక్క బస్సులోనే ఆఫీసునకు పోవుదురు. కాని పార్లమెంటులో వారి పక్షమున మాట్లాడువారు మాత్రము వేరు వేరు.

కంటికి కనబడని గీత ఇంత పని చేయుచున్నది గనుక, దానిని గీయువా రెవరు, ఏ లెక్కను బట్టి గీయుదురు, దాని లోపల నివసించువారికి కలుగు హక్కు లేవి, బాధ్యత లేవి అను విషయములు విచారింపదగినవి. ఇందుకు ఉదాహరణముగా న్యూఢిల్లీ నియోజకవర్గమును తీసికొనుట ఉచితము. కేంద్రప్రభుత్వోద్యోగుల క్వార్టర్లు పెక్కు ఇందులోనే ఉన్నవి. ఆ క్వార్టర్లలో తెలుగు మాట వినబడని వీధి అరుదు.

మొదట ఒక చిక్కు విప్పవలెను. న్యూఢిల్లీ అను పేరుతో ఒకటి కాదు, అనేక ఎల్లలు కలవు. న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిలు పరిధి ఒకటి. ఢిల్లీ శాసనసభకు న్యూఢిల్లీ అను పేరుగల నియోజకవర్గము మరియొకటి. అదే పేరుగల లోక్‌సభ నియోజకవర్గము వేరొకటి. చివరిది అన్నిటికంటె విశాలమైనది. శాసనసభ నియోజకవర్గమైన న్యూఢిల్లీ దానిలో పదింట నొక భాగము మాత్రమే. పత్రికలో "న్యూఢిల్లీ ఫలితము" అని చదివినప్పుడు అది ఏ న్యూఢిల్లీయో తెలిసికొనక వాదులాడుకొనువారు ఆఫీసు క్యాంటీనులలో తరచుగా కనబడుదురు.

ఇక గీత చరిత్ర. మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951-52లో జరిగినవి. 1951 జనాభా లెక్కల ప్రకారము ఢిల్లీ జనసంఖ్య సుమారు 17 లక్షల 44 వేలు. ఆ ఎన్నికలలో ఢిల్లీకి మూడు నియోజకవర్గములు, నలుగురు సభ్యులు. న్యూఢిల్లీ, ఢిల్లీ నగరము ఒక్కొక్క సభ్యుని ఎన్నుకొనగా, ఔటర్ ఢిల్లీ మాత్రము ఇద్దరిని ఎన్నుకొనెను. ఆ ఇద్దరిలో ఒకరు సి. కృష్ణన్ నాయర్. కేరళదేశమునుండి వచ్చి ఢిల్లీ చుట్టుపట్ల పల్లెలలో సేవచేసి, ఆ పల్లెల ఓట్లతోనే పార్లమెంటునకు వెళ్ళిన గాంధేయవాది ఆయన. దక్షిణదేశమువారు ఢిల్లీకి అతిథులు మాత్రమే యను మాట, గణతంత్రపు తొలి ఎన్నికలనాడే అబద్ధమైనది.

ద్విసభ్య నియోజకవర్గ మనగా నేమో నేటి యువకులకు తెలియకపోవచ్చును. అట్టి చోట ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. రెండును ఒక్క అభ్యర్థికే వేయరాదు. రెండు స్థానములలో ఒకటి షెడ్యూల్డు కులములకుగాని, తెగలకుగాని ప్రత్యేకింపబడినది. ఈ పద్ధతి తీరిపోవుటకు ముందు తెలుగుదేశమున జరిగిన ఒక వ్యవహారము జ్ఞాపకము చేసికొనదగినది. 1957లో పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గమున శ్రీ వి. వి. గిరి పోటీచేసిరి. అచట షెడ్యూల్డు తెగలకు చెందిన ఇద్దరు అభ్యర్థులే అధికముగా ఓట్లు పొంది, ఒకరు ప్రత్యేకింపబడిన స్థానమునకు, మరియొకరు సామాన్య స్థానమునకు ఎన్నికైరి. గిరిగారు న్యాయస్థానమున కెక్కిరి. షెడ్యూల్డు తెగవాడైనంత మాత్రమున సామాన్య స్థానమునకు అనర్హుడు కాడని సుప్రీంకోర్టు 1959లో తీర్పు చెప్పెను. తరువాత రెండేండ్లకు, 1961లో, పార్లమెంటు ప్రత్యేక శాసనముచేసి ద్విసభ్య నియోజకవర్గములను రద్దుచేసెను. నాటినుండి దేశమంతట ఒక నియోజకవర్గమునకు ఒక్కడే సభ్యుడు.

ఢిల్లీలోను గీతలు ఆ ప్రకారమే మారుచు వచ్చినవి. 1957లో నాలుగు నియోజకవర్గములు, అయిదుగురు సభ్యులు. 1962లో ఔటర్ ఢిల్లీ ఏకసభ్య నియోజకవర్గమై, కరోల్‌బాగ్ షెడ్యూల్డు కులముల స్థానముగా ఏర్పడినది. 1967లో తూర్పు ఢిల్లీ, దక్షిణ ఢిల్లీ వచ్చిచేరి మొత్తము ఏడైనవి. ఢిల్లీకి ఏడుగురు సభ్యులను లెక్క ఆనాటిది.

ఈ గీతల వెనుక నున్న సూత్రము సామాన్యమైనది. రాజ్యాంగము 81వ అధికరణము ప్రకారము రాష్ట్రములోని ప్రతి నియోజకవర్గపు జనసంఖ్యకును, దానికి కేటాయించిన స్థానములకును ఉండు నిష్పత్తి సాధ్యమైనంతవరకు రాష్ట్రమంతట ఒక్కటిగా ఉండవలెను. 82వ అధికరణము ప్రకారము ప్రతి జనాభా లెక్క పూర్తికాగానే స్థానములను, ఎల్లలను సరిచూడవలెను. అనగా తక్కెడ ప్రతి పదేండ్లకు ఒకసారి సరిచేయబడవలెను. ఒక మనిషి ఓటు ఎంత తూగునో, మరియొక మనిషి ఓటును అంతే తూగవలెనన్నది అందలి ధర్మము.

కాని 1976లో 42వ రాజ్యాంగ సవరణ ఈ తక్కెడను కదలకుండ నిలిపివేసినది. జనాభా పెరుగుదలను అదుపుచేసిన రాష్ట్రములకు స్థానములు తగ్గుట న్యాయము కాదను ఆలోచన దీనికి ఆధారము. 1971 లెక్కలే ఆధారముగా నిలిచినవి. రాష్ట్రముల మధ్య న్యాయము సంగతి అటుంచి, ఢిల్లీ లోపల దీని ఫలితము చూడుడు. 1971లో ఢిల్లీ జనసంఖ్య 40 లక్షల 65 వేలు. 2001 నాటికి అది ఒక కోటి 38 లక్షలు దాటెను. పెరిగిన జనము నగరము నడుమ కాక, అంచులలో స్థిరపడినది. గీతలు మాత్రము కదలలేదు. దానితో 2004 ఎన్నికలనాటికి ఔటర్ ఢిల్లీలో ముప్పది లక్షలకు పైగా ఓటర్లు ఉండగా, చాందినీ చౌక్‌లో నాలుగు లక్షలకైన లేరు. ఇద్దరు సభ్యులును లోక్‌సభలో ఒక్కొక్క ఓటే కలవారు. అనగా చాందినీ చౌక్‌లోని ఒక్క ఓటరు ఔటర్ ఢిల్లీలోని ఏడెనిమిది మంది ఓటర్లతో సమానముగా తూగినాడు. ఎవరును మోసము చేయలేదు. ఎవరును లంచము తినలేదు. గీత ఉన్నచోటనే ఉన్నది, మనుష్యులు కదలిరి. అంతమాత్రముననే అన్యాయము జరిగినది. హద్దురాయి కదలించుట దోషమని పల్లెలో అందురు. జనము కదలినప్పుడు రాయిని కదలింపకపోవుటయు దోషమేయని ఢిల్లీ కథ తెలుపుచున్నది.

దీనిని సరిచేయుటకు 2002లో పునర్విభజన శాసనము వచ్చెను. 2001 నాటి 84వ సవరణ రాష్ట్రముల స్థానముల సంఖ్యను, 2026 తరువాత జరుగు మొదటి జనాభా లెక్కలవరకు మార్చరాదని చెప్పెను. 2003 నాటి 87వ సవరణ ఆయా రాష్ట్రముల లోపలి ఎల్లలను 2001 లెక్కల ప్రకారము మార్చుటకు అనుమతించెను. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కుల్దీప్ సింగ్ ఆ కమిషనుకు అధ్యక్షులు. నియోజకవర్గము సాధ్యమైనంతవరకు ఒక్కచోట కుదురుగా ఉండవలెననియు, భౌగోళిక స్వరూపమును, పరిపాలనా విభాగముల ఎల్లలను, రాకపోకల సౌకర్యమును, ప్రజల అనుకూలతను గమనింపవలెననియు, ఒక శాసనసభ నియోజకవర్గమును రెండు లోక్‌సభ నియోజకవర్గముల మధ్య చీల్చరాదనియు శాసనము నిర్దేశించినది. లోక్‌సభ సభ్యులును శాసనసభ్యులును కమిషనుకు అనుబంధ సభ్యులుగా కూర్చుందురు, సలహా చెప్పుదురు, వారికి ఓటు లేదు. ముసాయిదా ప్రకటించి, ఆక్షేపణలు స్వీకరించి, బహిరంగముగా విచారణ జరిపిన తరువాత కమిషను ఉత్తరువు చేయును. అది గెజెట్‌లో వెలువడిన పిమ్మట శాసనముతో సమానము; ఏ కోర్టులోను ప్రశ్నింపరాదు. మధ్యప్రదేశములోని ఉజ్జయిని స్థానమును షెడ్యూల్డు కులములకు ప్రత్యేకించినప్పుడు ఒక ఓటరు దానిని ప్రశ్నింపగా, సుప్రీంకోర్టు 1966లో ఈ సంగతినే ఖండితముగా చెప్పినది. ప్రతి గీతమీదను వ్యాజ్యము నడిచినచో ఎన్నికలే జరుగవని న్యాయస్థానపు అభిప్రాయము. కాబట్టి గీత విషయమున చెప్పదలచినది ఏదైన ఉన్నచో, ముసాయిదా దశలోనే చెప్పవలెను. గెజెట్ వచ్చిన తరువాత గొణుగుకొనుట వృథా.

ఈ ఉత్తరువు 2008లో అమలులోనికి వచ్చెను. పాత ఔటర్ ఢిల్లీ, ఢిల్లీ సదర్, కరోల్‌బాగ్ లోక్‌సభ స్థానములు అంతరించినవి. పశ్చిమ ఢిల్లీ, వాయవ్య ఢిల్లీ, ఈశాన్య ఢిల్లీ పుట్టినవి. షెడ్యూల్డు కులముల స్థానము వాయవ్య ఢిల్లీకి మారెను. ఏడు స్థానములలో ప్రతిదానికి పది శాసనసభ నియోజకవర్గములు చొప్పున డెబ్బదియు సమముగా పంచబడినవి. న్యూఢిల్లీ భాగమునకు వచ్చిన పది ఇవి: కరోల్‌బాగ్, పటేల్ నగర్, మోతీ నగర్, ఢిల్లీ కంటోన్మెంటు, రాజేంద్ర నగర్, న్యూఢిల్లీ, కస్తూర్బా నగర్, మాళవీయ నగర్, ఆర్. కె. పురం, గ్రేటర్ కైలాశ్. వీనిలో కరోల్‌బాగ్, పటేల్ నగర్ శాసనసభకు షెడ్యూల్డు కులముల స్థానములు.

ఈ జాబితా చదువుచున్నప్పుడే ఇది ఎంత విచిత్రమైన కూర్పో తెలియును. దేశవిభజన కాలమున పశ్చిమ పంజాబునుండి కట్టుబట్టలతో వచ్చినవారు కట్టుకొన్న కాలనీలు ఇందు కలవు. సైనికులుండు కంటోన్మెంటు కలదు. సంపన్నులుండు గ్రేటర్ కైలాశ్ కలదు. గుమాస్తాలు, సెక్షను ఆఫీసర్లు నివసించు ఆర్. కె. పురం కలదు. రాష్ట్రపతి భవనము, పార్లమెంటు భవనము ఇందులోనివే. 2024 నాటికి ఇందులోని ఓటర్లు సుమారు పదిహేను లక్షలు. ఇంత భిన్నమైన జనమునకు ఒక్కడే ప్రతినిధి.

ఇక ఆ ప్రతినిధు లెవరో చూతము. 1952లో న్యూఢిల్లీ తన తొలి ప్రతినిధిగా ఒక స్త్రీని ఎన్నుకొన్నది. ఆమె శ్రీమతి సుచేతా కృపలానీ. అప్పుడామె కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ అభ్యర్థిని. 1957లో కాంగ్రెసు పక్షమున మరల గెలిచిరి. ఆమె ఉత్తరప్రదేశ్ మంత్రివర్గములో చేరగా, 1961లో ఉప ఎన్నిక జరిగి జనసంఘమునకు చెందిన బలరాజ్ మధోక్ ఎన్నికైరి. సుచేతగారు 1963లో ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రియై, దేశములో ఆ పదవి నధిష్ఠించిన తొలి మహిళయైరి. 1962లో కాంగ్రెసువారైన మెహర్‌చంద్ ఖన్నా గెలిచిరి. ఆయన పెషావరునుండి వచ్చినవారు. శరణార్థుల పునరావాస శాఖను, తరువాత గృహనిర్మాణ శాఖను నడిపిన కేంద్రమంత్రి. క్వార్టర్లకొరకు వరుసలో నిలిచిన ఉద్యోగులకు వారి శాఖామంత్రియే వారి లోక్‌సభ సభ్యుడు! అయినను 1967లో ఆయనను ఓడించి జనసంఘాభ్యర్థి మనోహర్‌లాల్ సోంధీ గెలిచిరి. సోంధీగారు విదేశాంగ సర్వీసును విడిచి రాజకీయములలోనికి వచ్చినవారు. మంత్రియైనంత మాత్రమున న్యూఢిల్లీ ఓటరు లొంగడనుటకు అది మొదటి నిదర్శనము.

1971లో కాంగ్రెసు అభ్యర్థిని శ్రీమతి ముకుల్ బెనర్జీ, 1977లో జనతాపార్టీ పక్షమున అటల్ బిహారీ వాజపేయి ఎన్నికైరి. వాజపేయిగారు విదేశాంగమంత్రిగా ఉన్న కాలమున ఆయన స్థానమిదియే. 1980లో కేరళీయుడైన కాంగ్రెసు నాయకుడు సి. ఎం. స్టీఫెన్ పోటీకి రాగా, వాజపేయిగారు సుమారు అయిదువేల ఓట్లతో బయటపడిరి. 1984లో కాంగ్రెసువారైన కె. సి. పంత్, 1989లో భారతీయ జనతాపార్టీ నాయకుడు ఎల్. కె. అద్వానీ గెలిచిరి. ఆ 1989 ఎన్నికలో అద్వానీగారిపై పోటీచేసిన కాంగ్రెసు అభ్యర్థిని శ్రీమతి మోహినీ గిరి. పార్వతీపురపు వ్యాజ్యములో ఇందాక పేర్కొన్న గిరిగారి కోడలు.

1991 ఎన్నికను ప్రత్యేకముగా చెప్పవలెను. అద్వానీగారికి ఎదురుగా సినిమా నటుడు రాజేశ్ ఖన్నా కాంగ్రెసు పక్షమున నిలిచిరి. అద్వానీగారు గెలిచిన ఆధిక్యము 1,589 ఓట్లు మాత్రమే. ఒక పెద్ద క్వార్టర్ల కాలనీలోనివారు ఆనాడు సెలవు దొరికినదికదాయని ఇంటనే కూర్చుండి ఉండినచో, లేదా బయటికి వచ్చి ఉండినచో, ఫలితము ఎటు తిరిగెడిదో ఊహింపవచ్చును. అద్వానీగారు గాంధీనగర్‌లోను గెలిచిరి గనుక, ఒక్కడు రెండు స్థానములలో కూర్చుండుట కుదరదు గనుక, న్యూఢిల్లీని వదలుకొనిరి. 1992 ఉప ఎన్నికలో మరియొక నటుడు శత్రుఘ్న సిన్హాను ఓడించి రాజేశ్ ఖన్నా లోక్‌సభకు వెళ్ళిరి. 1996, 1998, 1999లలో భారతీయ జనతాపార్టీవారైన జగ్‌మోహన్ వరుసగా గెలిచిరి; ఆయనయు పట్టణాభివృద్ధి శాఖను నిర్వహించినవారే. 2004లో కాంగ్రెసువారైన అజయ్ మాకెన్ ఆయనను ఓడించిరి. కొత్త ఎల్లలతో జరిగిన 2009 ఎన్నికలోను మాకెన్‌గారే గెలిచిరి. సభ్యుడు వాడే, నియోజకవర్గపు పేరు అదే, కాని లోపలి జనము చాలవరకు వేరు. 2014, 2019లలో శ్రీమతి మీనాక్షీ లేఖీ, 2024లో కుమారి బాంసురీ స్వరాజ్ భారతీయ జనతాపార్టీ పక్షమున ఎన్నికైరి.

ఈ పట్టికను చూచిన దీనికి ఒక స్వభావము కనబడును. న్యూఢిల్లీ ఏ పక్షమునకును శాశ్వతముగా దాసోహమనలేదు. కులము పేరు చెప్పి, ఊరి పేరు చెప్పి ఇచట గెలుచుట కష్టము. ఏలయన ఇచటి ఓటర్లలో పెక్కుమంది ఎక్కడెక్కడినుండియో వచ్చినవారు. ఇది దీని గొప్పతనము. వారిలో కొందరు ఇచటివారమని తలంపకపోవుట దీని లోపము.

నిజానికి ఈ ప్రసంగమునకు ప్రాణమైన విషయ మిదియే. గుంటూరు జిల్లానుండియో, కరీంనగరమునుండియో వచ్చి కేంద్ర సెక్రటేరియట్‌లో అసిస్టెంటుగా చేరిన ఒక ఉద్యోగిని తలచుకొనుడు. ఇరువది యేండ్లుగా ఢిల్లీలో నున్నాడు. పిల్లలు ఇచటనే పుట్టి, ఇచటనే చదువుచున్నారు. నీరు రానిచో ఇచటనే బిందె పట్టుకొని నిలువబడును. కాని ఓటు మాత్రము స్వగ్రామమున. ఎన్నికలు వచ్చినప్పుడు సెలవు దొరికిన, రైలు టిక్కెట్టు దొరికిన పోవును, తరచుగా పోడు. అట్లని ఢిల్లీ జాబితాలో పేరు వ్రాయించుకొనడు. "ఇది బదిలీ ఉద్యోగము, ఇచట ఏమి శాశ్వతము?" అనును. అడిగినచో "ఊరిలో ఇల్లున్నది, పొలమున్నది, అందుచేత ఓటు అచటనే" అనును.

శాసనము ఈ వాదమును అంగీకరింపదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య శాసనము 19వ సెక్షను ప్రకారము, ఓటరుగా నమోదు కాదలచినవాడు ఆ నియోజకవర్గమున సాధారణముగా నివసించువాడై యుండవలెను. ఒకచోట ఇల్లున్నంత మాత్రమున అచట నివసించుచున్నట్లు కాదని 20వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. తాత్కాలికముగా ఊరు విడిచి వెళ్ళినవాని హక్కు పోదు. కాని ఇరువదియేండ్ల కాపురము తాత్కాలికము కాజాలదు. రెండు నియోజకవర్గముల జాబితాలలో పేరుండరాదని 17వ సెక్షను, ఒక్క జాబితాలోనే రెండుమార్లు ఉండరాదని 18వ సెక్షను శాసించుచున్నవి. నమోదు విషయమున తెలిసి అబద్ధపు ప్రకటన చేసినవానికి 31వ సెక్షను క్రింద ఒక సంవత్సరమువరకు ఖైదుగాని, జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఊరిలో ఒకటి, ఢిల్లీలో ఒకటి ఉంచుకొనుట తెలివి యనుకొనువారు దీనిని మరువరాదు.

ఇచట ఒక వింత కలదు. శాసనము కొందరికి మినహాయింపు నిచ్చినది. పార్లమెంటు సభ్యుడు సభాకార్యములకై ఢిల్లీలో నున్నను, తన నియోజకవర్గపు నివాసి గానే యుండును. రాష్ట్రపతి ప్రకటించిన కొన్ని ఉన్నతపదవులలో నున్నవారు తమ స్వస్థలముననే నివసించుచున్నట్లు భావింపబడుదురు. సైన్యమునందలివారికి, భారతప్రభుత్వోద్యోగములో విదేశములందు నియమింపబడినవారికి సర్వీసు ఓటరు అను హోదా కలదు. దేశములోనే మరియొక రాష్ట్రమున పనిచేయు సామాన్య కేంద్రోద్యోగికి ఈ మినహాయింపు ఏదియు లేదు. ప్రతినిధులు, మంత్రులు ఇంత దట్టముగా కాపురముండు నియోజకవర్గము దేశములో వేరొకటి యుండదు. వారిలో ఎక్కువమంది ఇచట ఓటు వేయనక్కరలేనివారు. ఇచట ఓటు వేయవలసినవాడు గుమాస్తా. అతడే వేయనిచో ఇచటి మాట ఎవరు చెప్పుదురు?

ఇంకొక లెక్క చూడుడు. జనాభా లెక్కలు వ్రాయువాడు క్వార్టరు తలుపు తట్టినప్పుడు ఆ యుద్యోగిని ఢిల్లీ మనిషిగానే వ్రాసికొనును. ఊరి లెక్కలో వ్రాయడు. స్థానములు, ఎల్లలు ఏర్పడునది ఆ తలలెక్కమీదనే. అనగా అతని తల ఢిల్లీ లెక్కలో పడుచున్నది. అతని చేతి ఓటు మాత్రము ఊరిలో పడుచున్నది, లేదా ఎచటను పడుటలేదు. గీత గీయుటకు పనికివచ్చిన మనిషి, ఆ గీత లోపల మాట చెప్పుటకు లేకుండ పోవుచున్నాడు. ఔటర్ ఢిల్లీ ఓటరునకు అన్యాయము చేసినది గీత. ఇచట అన్యాయము చేసికొనుచున్నది ఓటరే.

పోనీ, లోక్‌సభ సభ్యునితో ఢిల్లీలోని ఉద్యోగికి పనేమి యందురా? తక్కిన రాష్ట్రములలోకంటె ఇచటనే ఎక్కువ. 1991 నాటి 69వ సవరణ ఢిల్లీకి శాసనసభ నిచ్చినది. కాని శాంతిభద్రతలు, పోలీసు, భూమి ఆ సభ అధికారమునకు వెలుపలనే ఉంచినది. ఆ విషయములకు జవాబు చెప్పవలసినది కేంద్రము. అడుగవలసిన స్థలము పార్లమెంటు. క్వార్టర్ల సంగతియు అట్టిదే. సరోజినీ నగర్, నౌరోజీ నగర్, నేతాజీ నగర్ మొదలగు ఏడు కాలనీలను పడగొట్టి తిరిగి కట్టుటకు కేంద్ర మంత్రివర్గము 2016లో అంగీకరించెను. ఎన్నో కుటుంబములు పాత ఇండ్లు ఖాళీచేసి వేరుచోట్లకు తరలవలసివచ్చినది. చెట్లు పోవుననియు, జనసమ్మర్దము పెరుగుననియు ఆందోళనలు రేగినవి. అట్టి వేళ ఆ కాలనీవాసి తన సభ్యుని ఇంటికి వెళ్ళి నిలువబడినచో, సభ్యుడు మర్యాదగా మాట్లాడును. కాని జాబితాలో పేరులేని మనిషి మాటకు ఎంత బరువుండునో లోకమెరిగినదే. ఓడ దాటువరకు ఓడమల్లయ్య, దాటినపిమ్మట బోడిమల్లయ్య అని సభ్యులను నిందించుట సులభము. ఓడ యెక్కనే యెక్కనివాడు ఆ సామెత చెప్పుటకు తగునా?

ఉద్యోగి రాజకీయములలో పాల్గొనరాదన్న భయము కొందరిని వెనుకకు లాగుచున్నది. 1964 నాటి కేంద్రోద్యోగుల ప్రవర్తన నియమములలో అయిదవ నియమము ఈ విషయమున స్పష్టముగా నున్నది. ఉద్యోగి ప్రచారము చేయరాదు, పలుకుబడి వినియోగింపరాదు. ఎన్నికల గుర్తును ఒంటిమీదగాని, వాహనముమీదగాని, ఇంటిమీదగాని ప్రదర్శించుటయు పలుకుబడి వినియోగించుటే యగును. కాని ఓటు వేయు హక్కు అతనికి కలదు. ఎవరికి వేయునో, ఎవరికి వేసెనో సూచింపరాదు. అనగా నియమము కోరునది మౌనమునే కాని, గైరుహాజరును కాదు. గట్టిగా అరచు హక్కు లేనివానికి, రహస్యముగా నొక్కు మీట మరింత విలువైనది కావలెను.

ఎన్నికల విధిలో నియమింపబడువారు తమ ఓటు పోవునని అనుకొనుట కలదు. అదియు నిజముకాదు. తన నియోజకవర్గములోనే విధి పడినచో ఎన్నికల విధి సర్టిఫికెట్టుతో పనిచేయు కేంద్రముననే ఓటు వేయవచ్చును. వేరుచోట పడినచో పోస్టల్ బ్యాలెట్ కలదు. సకాలమున దరఖాస్తు చేయుటయే కావలసినది. బదిలీ అయినవారికి దారి ఇప్పుడు మరింత సులభము. 2022 నుండి సంవత్సరమునకు నాలుగు అర్హతా తేదీలు ఏర్పడినవి: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు మాసముల మొదటి దినములు. కొత్తగా నమోదగువారు ఫారము 6, చిరునామా మార్చుకొనువారు ఫారము 8 సమర్పింపవలెను. పదవీవిరమణచేసి ఊరికి పోవునాడు అదే ఫారముతో ఓటును ఊరికి తీసికొనిపోవచ్చును. పెట్టె బేడా సర్దుకొన్నట్లే ఓటునుగూడ సర్దుకొని పోవు వెసులుబాటు ఇది.

ఊరిమీద మమకారము తప్పని ఎవరును అనరు. తెలుగుదేశపు ప్రాతినిధ్యమును గురించిన ఆలోచన ఇచటి తెలుగువారికి సహజముగా నుండును, ఉండవలెను గూడ. ఆంధ్రప్రదేశమునకు 1962లో 43 లోక్‌సభ స్థానములుండగా, 1967లో 41కి తగ్గి, 1977లో 42 అయినవి. 2014లో రాష్ట్రవిభజన జరిగినప్పుడు 25 ఆంధ్రప్రదేశమునకు, 17 తెలంగాణమునకు వచ్చినవి. 84వ సవరణలో చెప్పిన గడువు తీరిన పిమ్మట స్థానములు ఏ లెక్కను బట్టి పంచవలెనన్న ప్రశ్న దక్షిణదేశమునంతను కలవరపెట్టినది. జనాభాను అదుపుచేసినవారు నష్టపోరాదన్న న్యాయమొకటి; ప్రతి మనిషి ఓటు సమానముగా తూగవలెనన్న న్యాయమొకటి. రెండును న్యాయములే. వానిని సమన్వయించుట పార్లమెంటు పని. ఆ పార్లమెంటులో కూర్చుండు ప్రతి సభ్యుడును, బాపట్లనుండి వచ్చినను, నిజామాబాదునుండి వచ్చినను, న్యూఢిల్లీనుండి వచ్చినను, ఆ ప్రశ్నమీద ఓటు వేయును. కావున న్యూఢిల్లీ సభ్యుని ఎన్నుకొను తెలుగువాడు తెలుగుదేశమునకు దూరమైనవాడు కాడు.

మొదట చెప్పిన పొలిమేర మాటతోనే ముగించుట యుక్తము. పల్లెలో పొలిమేర పంట కాపాడుటకు. లోక్‌సభ గీత మాట కాపాడుటకు. దానిని గీయువారు కమిషనువారు, సరిచూచువారు జనాభా లెక్కలవారు. దానికి జీవము పోయువారు మాత్రము దాని లోపల కాపురమున్నవారే. ఢిల్లీలో కాపురముండి ఢిల్లీ జాబితాలో పేరులేనివారు ఈ సభలో ఎవరైన ఉన్నచో, రానున్న అర్హతా తేదీకి ముందే ఆ లోటు తీర్చుకొందురు గాక. 1,589 ఓట్లతో సభ్యుడు నిర్ణయింపబడిన నియోజకవర్గమున ఏ ఒక్కరి ఓటును అల్పము కాదు.